దోబిన్యీ ‘పడవ స్టూడియో’ ఎచింగ్: కొన్నాక నా రివ్యూ

మార్కులు ముందే వేసేస్తాను. బొమ్మకి ఐదుకి ఐదు. పంపిన షాపుకి నాలుగు. మా ఊళ్లో దానికి జరిగిన ఫ్రేమింగ్‌కి ఒకటి, అదీ చెక్క బాగుంది కాబట్టి.

నేను కొన్నది ఫ్రెంచ్ చిత్రకారుడు షార్ల్ ఫ్రాన్స్వా దోబిన్యీ చేసిన ఎచింగ్. పేరు ‘ల బతో అతెలియె’, అంటే పడవలో స్టూడియో. 1862లో పారిస్‌లో అల్ఫ్రెడ్ కదార్ అనే ప్రచురణకర్త ‘వొయాజ్ ఆన్ బతో’ అని ఒక ఆల్బమ్ వేశాడు, టైటిల్ పేజీతో కలిపి 16 ఎచింగ్‌లు, ఇది వాటిలో ఒకటి. పోస్టర్ కాదు, స్కాన్ చేసి తీసిన డిజిటల్ ప్రింట్ కాదు, దోబిన్యీ తన చేత్తో సూది పట్టుకుని గీసిన రాగి రేకు మీద సిరా పూసి తీసిన అసలు ప్రింట్. ఖరీదు ఒక మంచి ఫోన్ కంటే తక్కువే పడింది. ఫ్రెంచ్ ఆర్ట్ అనగానే కోట్లలో ఉంటుందనుకుని చాలామంది అటువైపు చూడనే చూడరు, అందుకే ధర సంగతి ముందు చెబుతున్నాను. ఆయిల్ పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది. ఎచింగ్ అలా కాదు, ఒకే రేకు నుంచి చాలా కాపీలు తీస్తారు, ప్రతి కాపీ అసలే. కాబట్టి పేరున్న చిత్రకారుడి పని కూడా మధ్యతరగతి జేబుకి అందుతుంది.

బొమ్మ చాలా చిన్నది. పోస్ట్‌కార్డు కంటే మరీ పెద్దగా ఉండదు, చుట్టూ ఉన్న ఖాళీ అంచులతో కలిపితే కొంచెం పెద్ద కాగితం అంతే. హాల్లో సోఫా వెనక గోడ నింపడానికి కావాలంటే ఇది పనికిరాదు. దగ్గరికి వెళ్లి, ముఖం ఒక జానెడు దూరంలో పెట్టి చూడాల్సిన బొమ్మ. నేను కొనక ముందు ఇంటర్నెట్‌లో చూశాను, బాగుందనిపించింది, అంతే. చేతికొచ్చాక చూస్తే అది వేరే వస్తువు. స్క్రీన్ మీద నలుపంతా ఒకటే నలుపు. కాగితం మీద ఆ సిరా కాస్త పైకి లేచి ఉంటుంది, కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుని కిటికీ వెలుతుర్లో తిప్పితే గీత గీతకీ ఎత్తు కనిపిస్తుంది.

బొమ్మలో ఏముందంటే, మనం పడవ గది లోపల ఉన్నాం. లోపలంతా చీకటి, గీత మీద గీత అడ్డంగా నిలువుగా వేసి వేసి చిక్కగా చేసిన చీకటి. చిత్రకారుడు కూర్చుని పని చేసుకుంటున్నాడు, మన వైపు చూడడు, మనం వచ్చిన సంగతే తెలియనట్టు ఉంటాడు. ఆయన ముందు గది తెరిచి ఉంది, అక్కడి నుంచి నది, ఒడ్డున చెట్లు, వెలుతురు. లోపల ఒక కాన్వాసు మీద ‘రేయలిస్మ్’ అని రాసి ఉంటుంది, వాస్తవికత అని. అప్పట్లో పారిస్‌లో ఆ మాట మీద పెద్ద గొడవే నడిచేది, ఆయన మాత్రం దాన్ని పడవలో సామాన్ల మధ్య ఒక మూల పెట్టి తన పని తను చేసుకుంటున్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బొమ్మలో ఆ ప్రశాంతత ఎక్కడి నుంచి వస్తోందా అని భూతద్దం పెట్టి మరీ వెతికాను. నీటి దగ్గర దొరికింది. నది ఉన్నచోట దాదాపు ఏమీ లేదు. కొన్ని సన్నటి అడ్డగీతలు, అవి కూడా పూర్తిగా ఈ చివర నుంచి ఆ చివర దాకా పోవు, మధ్యలో ఆగిపోతాయి, మిగతాదంతా ఒట్టి కాగితం. మన కన్ను ఆ కాగితాన్ని నీరుగా చదివేస్తుంది. గదిలో అంత శ్రమపడి గీసిన మనిషి నది దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపుకున్నాడు. లోపలి చీకటి ఎంత చిక్కగా ఉంటే బయటి ఖాళీ అంత నిదానంగా కనిపిస్తుంది. ప్రశాంతమైన బొమ్మ అంటే మెత్తగా, పొగమంచుగా, ఏదీ స్పష్టంగా లేకుండా గీసేయడం అని ఒక అభిప్రాయం చాలామందిలో ఉంది, ఇప్పుడు హోటల్ గదుల్లో తగిలించే బొమ్మలన్నీ ఆ రకమే. ఇది అది కాదు. ఇందులో ప్రతి గీత గట్టిది, తెగింపు ఉన్నది. ఎక్కడ గీయకూడదో తెలియడం వల్ల వచ్చిన నిమ్మళం ఇది.

ఎచింగ్ ఎలా చేస్తారో తెలిస్తే ఆ చెయ్యి ఆపుకోవడం ఎంత కష్టమో అర్థమవుతుంది, కొంచెం ఓపిగ్గా చదవండి. నున్నగా మెరుగుపెట్టిన రాగి రేకు తీసుకుంటారు. దాని మీద మైనం, తారు లాంటి పదార్థం, రెజిన్ కలిపిన పలచటి పూత వేస్తారు, కొవ్వొత్తి మంట మీద పట్టి దాన్ని పొగచూరేలా నల్లగా చేస్తారు. ఆ నలుపు మీద సూదితో గీస్తే పూత చిరిగి లోపలి రాగి మెరుస్తుంది. అంటే గీసేటప్పుడు చిత్రకారుడికి నల్ల నేల మీద వెలుగు గీతలు కనిపిస్తాయి, కాగితం మీదికొచ్చేసరికి అవే నల్లగీతలు అవుతాయి. పైగా కుడిఎడమలు తారుమారు. అంతా తిరగేసి ఊహించుకుంటూ గీయాలి. తర్వాత రేకుని ఆసిడ్‌లో ముంచుతారు, పూత లేనిచోట ఆసిడ్ రాగిని తింటుంది. సన్నటి గీతలు, దూరంగా ఉన్న చెట్లు, నీరు, ఇవి చాలినంత తెగగానే రేకుని బయటికి తీసి వాటి మీద వార్నిష్ పూసేసి, మళ్లీ ముంచుతారు. ముదురు గీతలు ఎక్కువసేపు ఆసిడ్‌లో ఉంటాయి, లోతుగా తెగుతాయి, సిరా ఎక్కువ పట్టుకుంటాయి. కాబట్టి ఈ బొమ్మలో దూరం, దగ్గర, వెలుగు, చీకటి అన్నీ సూది బలంతో వచ్చినవి కావు, ఎక్కువ భాగం టైముతో వచ్చినవి. నది మీది ఆ నాలుగు గీతలు ఆసిడ్‌లో కాసేపే ఉండి బయటపడ్డాయి, అందుకే అంత తేలిక.

ఆ తర్వాత ప్రింట్ చేసేవాడి చెయ్యి. సిరా రేకంతా పూసి, గీతల్లో మిగిలేలా పైపైన గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పెట్టి ప్రెస్‌లో గట్టిగా నొక్కుతారు. ఆ రోజుల్లో పారిస్‌లో ఈ పనికి ఒగ్యుస్త్ దెలాత్ర్ పేరు మోగిపోయేది, ఆ కాలపు ఎచింగ్ కళాకారులు చాలామంది ఆయన దగ్గరికే వెళ్లేవారు. ఆయన రేకుని పూర్తిగా శుభ్రంగా తుడిచేయకుండా అక్కడక్కడా పలచటి సిరా పొర వదిలేవాడు, దానివల్ల ఆకాశానికో చీకటికో ఒక రంగు వస్తుంది. కొందరికి అది నచ్చేది కాదు, చిత్రకారుడు గీయనిది ప్రింటర్ కలిపేస్తున్నాడు అనేవారు. నా దగ్గరున్న కాపీలో మటుకు ఆ పొర చాలా కొంచెమే ఉంది, గది మూలల్లో. నాకు అలాగే ఇష్టం, గీత దాచిపెట్టకుండా కనిపించాలి.

ఇక ఆ పడవ కథ. దోబిన్యీ 1817లో పారిస్‌లో పుట్టాడు. బతుకుతెరువు కోసం చాలా ఏళ్లు పుస్తకాలకి బొమ్మలు వేశాడు. 1857లో ఒక పడవ కొని దాని మీద గది కట్టించి స్టూడియోగా మార్చాడు, పేరు ‘బొతాన్’ అని పెట్టుకున్నాడు. సేన్ నదిలో, వాజ్ నదిలో తిరుగుతూ నీటి మీది నుంచే ఒడ్డుని గీసేవాడు. ఒడ్డున నిలబడి నదిని చూడటం వేరు, నది మధ్యలో కూర్చుని ఒడ్డుని చూడటం వేరు. చూపు నీటి మట్టానికి దిగిపోతుంది, ముందు నేల అనేదే ఉండదు, చెట్లు ఎత్తుగా లేస్తాయి. ఆయన బొమ్మలు మిగతావాళ్ల బొమ్మల్లా ఉండకపోవడానికి సగం కారణం కూర్చున్న చోటే. కొడుకు కార్ల్ చిన్న కుర్రాడు, పడవలో పనివాడి పాత్ర వాడిది, ఆల్బమ్‌లో వాడి అల్లరి చాలా ఉంటుంది. స్నేహితుడు, చిత్రకారుడు కోరో ఆ పడవకి గౌరవ అడ్మిరల్. తిరిగొచ్చాక ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ సరదాగా చూపించడానికి వేసుకున్న బొమ్మలే తర్వాత ఎచింగ్‌లయ్యాయి. అందుకే ఈ ఆల్బమ్‌లో గంభీరం లేదు. ఒక బొమ్మలో ఆ కుర్రాడు వెళ్లిపోతున్నందుకు చేపలు పండగ చేసుకుంటుంటాయి. ఇంకొకదానిలో ఆవిరి పడవ పక్కనుంచి దూసుకుపోతుంటే ఈ చిన్న పడవ గతి ఏమవుతుందా అని చూసేవాళ్లకి టెన్షన్.

ఆ ఆవిరి పడవ బొమ్మ చూశాకే నాకు ‘పడవ స్టూడియో’ ఇంకా బాగా అర్థమైంది. అది నిశ్శబ్దంగా ఉన్న కాలమేమీ కాదు. పారిస్‌ని ఒకవైపు పడగొట్టి కొత్త రోడ్లు వేస్తున్నారు, రైళ్లు వచ్చేశాయి, నదుల నిండా స్టీమర్లు, ఒడ్డున ఫ్యాక్టరీలు. ఆ గోల మధ్యలో ఈ మనిషి ఎటూ పారిపోలేదు, అదే నది మీద, అదే స్టీమర్ల పక్కన, ఒక గది కట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఫొటో కూడా వచ్చేసింది, బొమ్మల్ని ఉన్నదున్నట్టు నకలు తీసే చెక్కుడు పనివాళ్ల వృత్తికి దెబ్బ తగలడం మొదలైంది. సరిగ్గా అదే 1862లో కదార్, కొందరు కళాకారులు కలిసి ఎచింగ్ కళాకారుల సంఘం పెట్టి నెలనెలా కొత్త ఎచింగ్‌లు వేయడం మొదలుపెట్టారు. మొదటి సంచికలో దోబిన్యీ ఉన్నాడు, చిత్రకారుడు మానే కూడా ఉన్నాడు. ఫొటో చేయలేనిది ఏమిటో చూపిద్దాం అన్న పట్టుదల వాళ్లది. నకలు కాదు, మనిషి చెయ్యి కనిపించాలి.

విమర్శకులకి దోబిన్యీ మీద ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు: పూర్తి చేయడు, ఏదో చూచాయగా వదిలేస్తాడు అని. ఈ బొమ్మలో నది దగ్గర ఆగిపోయిన గీతలు చూస్తే వాళ్లు ఎందుకలా అన్నారో తెలుస్తుంది, తర్వాతి తరం చిత్రకారుడు మోనే లాంటివాళ్లకి ఈయనంటే ఎందుకంత గౌరవమో కూడా తెలుస్తుంది. 1870లో పారిస్ సలోన్ అనే పెద్ద ప్రదర్శనకి బొమ్మలు ఎంపిక చేసే జ్యూరీ మోనే బొమ్మల్ని తిరగ్గొడితే దోబిన్యీ ఆ జ్యూరీ నుంచి రాజీనామా చేశాడు. ఆ మరుసటి ఏళ్లలో మోనే కూడా ఒక పడవని స్టూడియోగా చేసుకున్నాడు. ఈ చిన్న కాగితం విలువ నాకు ఇక్కడ ఇంకో మెట్టు పెరుగుతుంది.

ఇప్పుడు కొనేవాళ్లకి పనికొచ్చే సంగతులు.

మొదట చూడాల్సింది రేకు అచ్చు. ప్రెస్‌లో నొక్కినప్పుడు రాగి రేకు అంచు కాగితంలోకి దిగబడి చుట్టూ ఒక దీర్ఘచతురస్రపు గాడి ఏర్పడుతుంది. వేలితో మెల్లగా తడిమితే తెలుస్తుంది. ఆ గాడి లేదంటే సాధారణంగా రెండు కారణాలు, అది ఎచింగ్ ప్రింటే కాకపోవచ్చు, లేదా ఎవరో అంచులు లోపలిదాకా కత్తిరించేసి ఉండాలి. గాడి ఉందని కూడా వెంటనే నమ్మక్కర్లేదు, మోసం చేసేవాళ్లు దాన్ని విడిగా కూడా నొక్కగలరు, కాబట్టి భూతద్దంతో గీతలు చూడండి. యంత్రం మీద అచ్చువేసిన నకలైతే చాలాసార్లు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. అసలుదైతే గీత నిండుగా ఉంటుంది, చివరల్లో కూడా.

రెండోది, అదే రేకు నుంచి ఎప్పుడు తీశారు అన్నది. రాగి మెత్తటి లోహం, తీసే కొద్దీ అరిగిపోతుంది, మొదటి కాపీల్లో ఉన్న చిక్కదనం తర్వాత ఉండదు. అందుకే పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి రేకు మీద సన్నటి ఇనుప పూత వేసే పద్ధతి వచ్చింది, ‘గజెత్ దె బోజార్’ లాంటి పత్రికలు ఎచింగ్‌లని సంచికతో పాటు పెద్ద సంఖ్యలో ఇవ్వగలిగింది దానివల్లే. పత్రికలో వచ్చిన ప్రింట్ అంటే చులకన చేయకండి, ధర బాగా తక్కువ, మొదటిసారి కొనేవాళ్లకి అదే మంచి దారి. అమ్మేవాడిని మాత్రం సూటిగా అడగండి: ఏ స్టేట్ (అంటే రేకులో మార్పులు చేస్తూ పోయినప్పుడు ఏ దశలో తీసింది), ఏ ఎడిషన్, కాగితం ఏది, అంచులు పూర్తిగా ఉన్నాయా, వెనక మచ్చలు గానీ అతుకులు గానీ ఉన్నాయా. దోబిన్యీ ఎచింగ్‌లన్నిటికీ లోయిస్ దెల్తేయ్ 1921లో వేసిన కేటలాగ్ ఉంది, నిజమైన వ్యాపారి ఎవరైనా ఆ నంబరు చెబుతాడు. చెప్పడానికి తడబడితే వదిలేయండి.

నేను కొన్న షాపు పారిస్‌లో పాత ప్రింట్లు మాత్రమే అమ్మే చిన్న షాపు. అడిగినవాటన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చారు, వెనకవైపు ఫొటోలు అడిగితే వెలుతురుకి ఎదురుగా పట్టుకుని తీసి పంపారు, కాగితం లోపలి గీతలు కూడా కనిపించేలా. ప్యాకింగ్ అద్భుతం, రెండు గట్టి అట్టల మధ్య, చుట్టకుండా. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, కస్టమ్స్ కాగితాల్లో అది పాతకాలపు అసలు ఎచింగ్ అని స్పష్టంగా రాయలేదు, ‘ప్రింట్’ అని మాత్రం రాశారు. దాంతో ఇక్కడ కొన్నాళ్లు ఆగిపోయింది, బిల్లు, వివరణ అన్నీ మళ్లీ పంపాల్సి వచ్చింది. మీరు కొంటే ఆ వివరం ముందే పూర్తిగా రాయించుకోండి.

ఫ్రేమింగ్ దగ్గర మాత్రం కడుపు మండింది. షాపు పేరు రాయను. ముందు అంచులు కత్తిరించేద్దాం సార్, బొమ్మ పెద్దగా కనిపిస్తుంది అన్నారు. వద్దన్నాను. లామినేషన్ చేస్తే వందేళ్లుంటుంది అన్నారు. ఇప్పటికే 160 ఏళ్లు ఉంది బాబూ, అది లేకుండానే, అన్నాను. జిగురు, టేపు ఏదీ తగలకూడదని కాగితం మీద రాసిచ్చి మరీ వచ్చాను. తీరా తెచ్చుకుని వెనక విప్పి చూస్తే పై రెండు మూలల్లో మామూలు బ్రౌన్ టేపు. కాగితాలు బాగుచేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళితే మెల్లగా ఊడదీశారు గానీ లేత పసుపు మరక రెండు చోట్లా మిగిలింది. బొమ్మ మీదికి రాలేదు, అదే అదృష్టం. ఆవిడే ఆసిడ్ లేని మౌంట్ బోర్డు తెప్పించి, జపనీస్ కాగితం ముక్కలు, గోధుమ గంజి వాడి కట్టిచ్చారు. అది నీళ్లతో తడిపితే ఎప్పుడైనా ఊడొస్తుంది, కాగితానికి హాని లేదు. అద్దానికి, బొమ్మకి మధ్య ఖాళీ ఉండాలి. ఎండ పడే గోడ వద్దు. మన వర్షాకాలంలో చెమ్మ గోడ అసలు వద్దు, కాగితం మీద గోధుమరంగు చుక్కలు లేస్తాయి, ఒకసారి లేస్తే వదిలించడం నిపుణుల పని.

కొనడం ఇష్టం లేకపోతే ఇబ్బందేం లేదు, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం లాంటి పెద్ద మ్యూజియాలు ఈ కాలపు ఎచింగ్‌ల ఫొటోలు పెద్ద సైజులో ఉచితంగా పెట్టాయి, దోబిన్యీ పేరుతో వెతకండి. పారిస్ వెళ్లేవాళ్లుంటే ఊరికి ఉత్తరాన ఒవేర్-స్యూర్-వాజ్ అనే ఊరికి వెళ్లండి, దోబిన్యీ ఇల్లు, స్టూడియో అక్కడ ఇప్పటికీ ఉన్నాయి, గోడల నిండా బొమ్మలు. చిత్రకారుడు వాన్ గోహ్ చివరి రోజులు గడిపిన చోటని అందరూ ఆ ఊరికి వెళతారు, కానీ 1890లో వాన్ గోహ్ గీసిన తోటల్లో ఒకటి ఈ దోబిన్యీ ఇంటి తోటే.

పారిస్, ఎచింగ్ అన్నాక మనవాడిని తలుచుకోకుండా ఉండలేను. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్ వెళ్లి, హేటర్ నడిపిన అతెలియె 17 అనే ప్రింట్ స్టూడియోలో చేరి, ఒకే రేకు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న రంగుల్ని ఒకేసారి పూసి ప్రింట్ తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవాళ్లలో ముఖ్యుడు. ఆయన రేకుల్ని శిల్పంలా లోతుగా చెక్కేవాడు, దోబిన్యీ గీత చూసిన కంటితో ఆయన నీటి అలల బొమ్మలు చూస్తే ఒకే పనిముట్టు వందేళ్లలో ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు చూసే అవకాశం ఇంకా దగ్గరగా ఉంది. నిజానికి ఎచింగ్ కొనడం మొదలుపెట్టాలనుకునేవాళ్లు మన దగ్గరి యువ కళాకారుల ప్రింట్ ఒకటి కొని మొదలుపెట్టినా మంచిదే, రేకు అచ్చు, సిరా ఎత్తు అన్నీ అందులోనూ తెలుస్తాయి.

ఎవరు కొనాలి? రంగులు కావాలనుకునేవాళ్లు వద్దు. దూరం నుంచి కనిపించాలనుకునేవాళ్లు వద్దు. రేటు పెరుగుతుందని పెట్టుబడిగా కొనేవాళ్లకి కూడా నేను ఇది చెప్పను, ఈ ధరలో అంత పెరుగుదల ఆశించడం అనవసరం. పని అయిపోయాక రాత్రిళ్లు ఒక దీపం కింద ఒకే కాగితాన్ని పదే పదే చూడగలిగే ఓపిక ఉన్నవాళ్లకి మాత్రం కళ్లు మూసుకుని చెబుతాను, కొనండి.

నేను తర్వాత వెతుకుతున్నది కోరో ఎచింగ్. ఆయన మొత్తం మీద పద్నాలుగో ఎన్నో మాత్రమే చేశాడు, వాటిలో కొన్ని ఇటలీని గుర్తు చేసుకుంటూ గీసినవి. దోబిన్యీ గీత నిలకడైనది, కోరోది పిచ్చిగీతల్లా చుట్టలు చుట్టుకుపోతుంది, అయినా చివరికి చెట్ల మధ్య గాలి నిలిచిపోయినట్టు ఉంటుంది, అదెలా జరుగుతుందో దగ్గరగా చూడాలని ఉంది. పత్రికతో పాటు వచ్చిన కాపీ అయినా సరే, అంచులు కోయనిది, వెనక టేపు లేనిది ఎవరి దగ్గరైనా కనిపిస్తే కామెంట్‌లో చెప్పండి.